ఒక యంత్రం, ఒకే రికార్డు

బుచ్చిరెడ్డిపాలెం పరిసరాల్లో ఉప్పుడు బియ్యం ఆడే మిల్లుకు వెళ్తే, ఊకతో మండే బాయిలర్ దగ్గర నీళ్ల పంపులు మామూలుగా రెండు కనిపిస్తాయి. ఒకటి నడుస్తుంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. ఏది చెడిందో ఆపరేటరు చెయ్యి పెట్టి చూపిస్తాడు. నెల్లూరు దాటి కృష్ణపట్నం వైపు వెళ్తే ఆ వీలు ఉండదు. రేవు పక్కన వంటనూనె రిఫైనరీలు ఉన్నాయి. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. అలాంటి చోట పంపులు, వాల్వులు, మోటార్లు వేలల్లో ఉంటాయి కాబట్టి ప్రతిదానికీ ఒక నంబరు తప్పనిసరి. ఇంజినీర్లు దాన్నే ట్యాగ్ అంటారు.

ఈ ట్యాగ్‌లు కనిపించే పటం పేరు పీ అండ్ ఐడీ. ఏ గొట్టం ఏ పంపు నుంచి ఏ ట్యాంకుకు పోతుందో, మధ్యలో ఏ వాల్వులు, మీటర్లు ఉన్నాయో అందులో ఉంటుంది. ఒకప్పుడు ఇది కాగితం మీద గీత మాత్రమే. ఇప్పుడు ఆటోక్యాడ్ ప్లాంట్ 3డీ, స్మార్ట్ పీ అండ్ ఐడీ లాంటి సాఫ్ట్‌వేర్లలో ప్రతి బొమ్మ వెనకా డేటాబేస్‌లో ఒక రికార్డు ఉంటుంది. పంపు ఎంత నీరు తోడుతుంది, మోటారు ఎన్ని కిలోవాట్లు వంటి వివరాలన్నీ అందులోవే. కొనాల్సిన సామాన్ల జాబితా కూడా ఆ రికార్డుల నుంచే వస్తుంది. అందుకే ఒక రికార్డు ఎక్కువైతే అక్కర్లేని యంత్రం కొంటారు, తక్కువైతే కావలసిన యంత్రం రాదు.

భూమి రికార్డుల తగాదాలు చూసినవారికి ఈ చిక్కు తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే పొలం రెండు పాస్‌పుస్తకాల్లోకి ఎక్కడం వేరు, రెండు పొలాలకు ఒకే సర్వే నంబరు పడటం వేరు. రెండింటికీ ఒకే మందు పనిచేయదు. డ్రాయింగుల్లోనూ అంతే, అక్కడ ఈ చిక్కు నాలుగు రకాలుగా ఎదురవుతుంది.

మొదటి రకంలో తప్పేమీ లేదు. వేడి నూనెను నీటితో చల్లార్చే హీట్ ఎక్స్చేంజర్‌ని నూనె షీట్‌లోనూ, నీటి షీట్‌లోనూ చూపాల్సి వస్తుంది. బొమ్మలు రెండైనా యంత్రం ఒకటే. రెండో బొమ్మను మొదటి రికార్డుకే తగిలించాలి. సాఫ్ట్‌వేర్ అందుకు ఒప్పుకోకపోతే దాన్ని లెక్కలోకి రాని ఉత్త బొమ్మగా ఉంచి, అసలు వివరాలు ఏ షీట్‌లో ఉన్నాయో పక్కన రాయాలి.

రెండో రకం నిజమైన పొరపాటు. పాత షీట్‌ను కాపీ చేసి కొత్తది గీసినప్పుడు రెండు వేర్వేరు పంపులు ఒకే ట్యాగ్‌తో మిగిలిపోతాయి. వీటిలో ఒకదానికి కొత్త నంబరు ఇవ్వాల్సిందే. విద్యుత్ కేంద్రాల్లో వాడే కేకేఎస్ అనే జర్మన్ పద్ధతిలో ఈ గొడవకు ముందే కట్టడి ఉంది. ఒకటో యూనిట్ ఫీడ్ వాటర్ పంపు 10ఎల్ఏసీ10ఏపీ001 అయితే, రెండో యూనిట్‌లో దాని జోడు 20ఎల్ఏసీ10ఏపీ001 అవుతుంది. యూనిట్ నంబరు ముందే ఉండటంతో రెండూ కలిసిపోవు.

మూడో రకంలో బొమ్మ ఒకటి, యంత్రాలు రెండు. చోటు కలిసొస్తుందని నడిచే పంపును, సిద్ధంగా ఉండే పంపును కలిపి పీ-101ఏ/బీ అని ఒకే గుర్తుగా గీస్తారు. గీతకు అది చాలు. డేటాబేస్‌లో మాత్రం ఏకి ఒకటి, బీకి ఒకటి రికార్డులు ఉండాలి. ఏ మోటారు ఎప్పుడు విప్పారో, ఏ బేరింగు మార్చారో దేనికదే.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదకరం: ఒకే యంత్రానికి రెండు నంబర్లు. కాంట్రాక్టరు ఒకటి పెడతాడు, యజమాని ఇంకొకటి. ఒకరు పీ-101ఏ అని రాస్తే మరొకరు గీత తీసేసి పీ101ఏ అంటారు. అక్షరాలు కలిస్తేనే డూప్లికేట్‌గా పట్టుకునే సాఫ్ట్‌వేర్‌కు ఇవి రెండు యంత్రాలే. దీన్ని పట్టుకోవాలంటే ప్లాంట్‌లో తిరిగి నేమ్‌ప్లేట్ మీది సీరియల్ నంబరు చూడాలి.

ఒక యంత్రం సమాచారం ఒకచోట లేకపోతే ఏమవుతుందో 1988 జులై 6 రాత్రి బ్రిటన్ ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద తెలిసింది. ఏ, బీ అని రెండు పంపులు. రిపేరు కోసం ఏ పంపు సేఫ్టీ వాల్వును తీశారు. పంపు పని అనుమతి పత్రం ఒకటి, వాల్వు పత్రం ఇంకొకటి. బీ పంపు ఆగిపోయింది. వాల్వు పత్రం సంగతి తెలియని సిబ్బంది ఏ పంపును నడిపారు. గ్యాస్ లీకై పేలింది, 167 మంది చనిపోయారు. అది డ్రాయింగ్ తప్పు కాదు. కానీ ఒకే పంపు గురించిన రెండు కాగితాలు ఒకదానికొకటి తెలియకుండా ఉండటమే అక్కడి ప్రాణాంతకమైన లోపాల్లో ఒకటి.

నివారణ కష్టం కాదు. పని మొదలుపెట్టక ముందే ఏ బృందానికి ఏ నంబర్లో పంచాలి. ట్యాగ్ ఎలా రాయాలో ఒక పద్ధతి ఖాయం చేయాలి. షీట్లు బయటికి పంపే ముందు డూప్లికేట్ల జాబితా తీసి చూడాలి. బొమ్మను చెరిపేటప్పుడు రికార్డు పోవాలో ఉండాలో తేల్చుకోవాలి.

మన ఊళ్ల నుంచి డిప్లొమా, బీటెక్ చేసి హైదరాబాద్, చెన్నై, గల్ఫ్ డిజైన్ ఆఫీసులకు వెళ్తున్న పిల్లలకు ఒక్క మాట. తెర మీద డూప్లికేట్ అని హెచ్చరిక వస్తే, ట్యాగ్ చివర ఓ అక్షరం తగిలించి దాటేయకండి. ముందు సైట్‌లో యంత్రాలు ఎన్ని ఉన్నాయో కనుక్కోండి. ఆ తర్వాతే బొమ్మ మీద చెయ్యి పెట్టండి.