మీకు తెలుసా? గేటును పడకుండా నిలిపేది పైనున్న రోలర్లే

పక్కకు జరిగే ఇనుప గేటు బరువంతా కింది చక్రాల మీదే. కానీ అది ఒరగకుండా పట్టుకునేవి పైనున్న గైడు రోలర్లు. పట్టా చివర గట్టి స్టాపర్ లేకపోతే గేటు ఆ రోలర్లను దాటిపోయి, తోస్తున్నవారి మీదే పడొచ్చు. పిల్లల్ని దాని మీద ఎక్కి ఊగనివ్వకండి. యానాంలో ఈ జాగ్రత్త మరీ అవసరం: సముద్రపు ఉప్పుగాలికి బోల్టులు, వెల్డింగు అతుకులు త్వరగా తుప్పుపడతాయి. పైన రంగు బాగున్నా లోపల ఇనుమును తుప్పు తినేసి ఉండొచ్చు.

కారు షెడ్డుకు షట్టరుంటే, సగం ఎత్తి చూడండి. అది కిందికి జారిపోతుంటే స్ప్రింగులు అలిసినట్టే. బిగువు మీదున్న ఆ స్ప్రింగును సొంతంగా విప్పడం చాలా ప్రమాదం. మెకానిక్‌నే పిలవండి.

అమెరికాలో 1993 జనవరి 1 నుంచి తయారైన ఇంటి గ్యారేజీ తలుపు మోటార్లన్నీ, తలుపు దేనికైనా తగిలితే 2 సెకన్లలో వెనక్కి తిప్పాలి. పిల్లలు నలిగి చనిపోవడం వల్లే ఆ చట్టం వచ్చింది. అక్కడున్న మనవాళ్లు నెలకోసారి తలుపు కింద ఒకటిన్నర అంగుళాల చెక్క పెట్టి పరీక్షించుకోవచ్చు. ఇక్కడ మోటారు కొనేటప్పుడూ ఈ సదుపాయం ఉందా అని తప్పక అడగండి.

2022 జులైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. గేటు మోటారు ఉండేది నేలకు దగ్గరగానే. నీళ్లొచ్చేలోపే కరెంటు తీసేయాలి. చేత్తో గేటు తెరిచే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో పెద్దలందరికీ తెలిసుండాలి.