నౌకా విహారానికి టికెట్టు... ఏజెంటు దగ్గరా? కంపెనీ దగ్గరా?

'అందాల రాముడు' (1973)లో అక్కినేని ఎక్కిన పడవ గోదావరి మీద భద్రాచలం వైపు సాగుతుంటే, హాల్లో కూర్చున్న మనక్కూడా ఆ పడవలో ఓ మూల కాస్త చోటు దొరికితే బాగుండుననిపించింది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' తీసి సుమంత్‌నీ, కమలినీ ముఖర్జీనీ అదే నది మీద తిప్పి మరోసారి ఊరించాడు. 'టైటానిక్' (1997) సంగతి సరేసరి. 2015లో వచ్చిన 'దిల్ ధడక్‌నే దో'లో అయితే చుట్టపక్కాలందరినీ ఏకంగా ఓడెక్కించేశారు!

ఇన్ని పడవ సినిమాలు చూశాం గానీ, టికెట్టు ఎవరి దగ్గర కొన్నారో, ఎంతకు కొన్నారో ఏ సినిమాలోనైనా వివరంగా చూపించారా? జాక్ అంటే అదృష్టవంతుడు. పేకాటలో టికెట్టు గెల్చుకున్నాడు. మనం మాత్రం జేబులోంచి తీయాల్సిందే. మరి తీసిన ఆ డబ్బు ఏజెంటు చేతిలో పెట్టాలా, ఓడ కంపెనీకే నేరుగా కట్టాలా? 'నా దగ్గర కొంటే డిస్కౌంటు' అని ఏజెంటు అంటే నమ్మొచ్చా? ఈ వారం ఆ ముచ్చట చూద్దాం.

మన గుమ్మంలోనే లాంచీ

సముద్రం లేని జిల్లాలు మనవి. నల్గొండలో పుట్టినవాడైనా, పాలమూరులో పెరిగినవాడైనా అలల్ని మొదట చూసేది వెండితెర మీదే! అయినా నౌకా విహారం మనకు కొత్తేం కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ మనకు ఒక చిన్నపాటి సముద్రాన్నే తెచ్చిపెట్టింది. అక్కడ ఎక్కితే నల్లమల కొండల మధ్యగా, ఇంచుమించు 110 కిలోమీటర్లు కృష్ణకు ఎదురుగా సాగి శ్రీశైలం చేరొచ్చు. అటు కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి మరో దారి ఉంది. 2016 దాకా మహబూబ్‌నగర్‌లో ఉండి ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న ఈ ఊరి ముందు పరుచుకున్నది శ్రీశైలం జలాశయపు నీళ్ళే.

2024 నవంబరులో తెలంగాణ పర్యాటక సంస్థ ఈ రెండు దారుల్లోనూ లాంచీలు నడిపింది. అప్పుడు ప్రకటించిన ఛార్జీ పెద్దలకు ఒకవైపుకు 2,000 రూపాయలు, రానూపోనూ 3,000. పిల్లలకు 1,600, 2,400. లాంచీ ఏడాది పొడుగునా నడవదు. జలాశయాల్లో నీళ్ళు పుష్కలంగా ఉండాలి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. నీళ్ళు బాగా కిందికి దిగిపోతే లాంచీ కూడా ఒడ్డున కూర్చుంటుంది. కనుక బయల్దేరే ముందు ఆ ఏటి తేదీలూ, ఆ నాటి రేటూ సంస్థ కౌంటరులోనో, వెబ్‌సైట్‌లోనో కనుక్కోవడం తెలివైన పని.

ఇక్కడ లెక్క సులువు. రేటు పెట్టేది సంస్థ, నడిపేది సంస్థ, టికెట్టు ఇచ్చేదీ సంస్థే. నేరుగా కొంటే పోయేదేమీ లేదు. మధ్యలో ఎవరైనా 'అన్నా, హైదరాబాద్ నుంచి బస్సు, లాంచీ, భోజనం, దర్శనం అంతా కలిపి ఇంత' అంటే తప్పు పట్టనక్కర్లేదు. బస్సు పెట్టినవాడు బస్సు ఛార్జీ తీసుకుంటాడు. మీరు అడగాల్సింది ఒక్కటే: 'అందులో లాంచీ టికెట్టు ఎంత? బస్సుకెంత? తిండికెంత?' విడివిడిగా చెప్పగలిగితే మంచిదే. 'అవన్నీ నీకెందుకు తమ్మీ' అని దాటేస్తే, సంస్థ రేటు పక్కన పెట్టి మీరే కూడిక చేసుకోండి. నీళ్ళు తగ్గి లాంచీ ఆగిపోతే డబ్బు ఎవరు వాపసు ఇస్తారో కూడా ముందే తేల్చుకోండి.

ఇంకో మాట. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన ప్రైవేటు బోటు ఒకటి కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. యాభై మంది దాకా ప్రాణాలు పోయాయి. వాళ్ళలో వరంగల్ దగ్గరి కడిపికొండ వాళ్ళూ ఉన్నారు. ఏ బోటైనా ఎక్కే ముందు లైఫ్ జాకెట్టు ఇచ్చారా, ఎందరికి అనుమతి ఉంటే ఎందరిని ఎక్కిస్తున్నారు అన్నది చూసుకోండి. రెండు వందలు తగ్గిందని ఈ రెంటినీ మరిచిపోవద్దు సుమా!

ఖాళీ కుర్చీ కథ

ఇక అసలైన ఓడ దగ్గరికి వద్దాం. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ వారి 'ఎంప్రెస్' ఓడ విశాఖకు వచ్చినప్పుడు మన తెలుగునాట ఎంత సందడో! ఈత కొలను, నాటకశాల, భోజనశాలలూ ఉన్న పెద్ద ఓడ అది. 1990లో కట్టిన ఈ ఓడ అంతకు ముందు రాయల్ కరీబియన్ కంపెనీలో తిరిగింది. 2025లో మళ్ళీ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహారాలు నడిచాయి.

లాంచీకి ఉన్నట్టు ఈ ఓడలకు అచ్చువేసిన ఒకే రేటు ఉండదు. ఒకే గదికి మీరు మార్చిలో అడిగితే ఒక ధర, మేలో అడిగితే ఇంకో ధర. ఎందుకిలా?

సినిమా హాలునే తీసుకోండి. ఆట మొదలయ్యాక ఖాళీగా ఉన్న కుర్చీకి విలువ ఏముంది? సున్నా. మరుసటి రోజు అమ్ముదామంటే ఆ రోజు కుర్చీ వేరు. ఓడ గది కూడా అంతే. లంగరు ఎత్తాక ఖాళీ గది కంపెనీకి దండగ. ఓడ కదిలినా కదలకున్నా సిబ్బంది జీతాలు ఇవ్వాల్సిందే, కదిలితే నూనె కాలాల్సిందే. అందుకే అమ్మకం జోరుగా ఉంటే ధర పెంచుతారు, మందగిస్తే దించుతారు. 'రెండో మనిషికి సగం', 'పిల్లలకు ఛార్జీ లేదు' అనే ప్రకటనలన్నీ ఖాళీ కుర్చీ భయంలోంచి పుట్టినవే.

తరగతులు కూడా మన హాలు లాంటివే. కిటికీ లేని లోపలి గది మన నేల టికెట్టు. సముద్రం కనిపించే గది ఆ పైది. ఆపైన బాల్కనీ... ఓడలో కూడా బాల్కనీయే! నేల టికెట్టువాడూ బాల్కనీవాడూ చూసే సినిమా ఒకటే అయినట్టు, ఏ గదివాళ్ళకైనా ఈత కొలనూ, ఆటపాటలూ ఒకటే. పడుకోడానికే గది అనుకునే కుర్రకారుకు ఏజెంటు ఇచ్చే ఏ డిస్కౌంటు కన్నా పెద్ద డిస్కౌంటు ఈ లోపలి గదే.

తెర వెనుక కమీషన్

ఇప్పుడు అసలు కీలకం. ఏజెంటు ఎక్కడ సంపాదిస్తాడు?

సినిమాని కమీషన్ మీద ఆడించే పంపిణీదారు తెలుసుగా? వసూళ్ళలో తన శాతం తీసుకుని మిగతాది నిర్మాతకు పంపిస్తాడు. ఓడ ఏజెంటు కూడా అదే పద్ధతి. మీరు కట్టిన ఛార్జీలో కొంత శాతం కంపెనీ అతనికి ఇస్తుంది. ప్రపంచంలోని పెద్ద ఓడ కంపెనీల్లో ఇది మామూలుగా పది శాతంతో మొదలై, ఎక్కువ అమ్మేవారికి పదిహేను దాటుతుంది. రేవు రుసుములూ, పన్నుల మీద మాత్రం కమీషన్ ఉండదు.

అంటే ఏమిటన్నమాట? చాలాసార్లు ఏజెంటు దగ్గర కొన్నా, కంపెనీ దగ్గర కొన్నా మీరు కట్టేది ఒకటే. ఏజెంటు లేకపోయినంత మాత్రాన ఆ కమీషన్ మీ జేబులో పడదు. కంపెనీ దగ్గరే ఉండిపోతుంది!

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. ఇద్దరు మనుషులు, మనిషికి ఛార్జీ 30,000 అనుకోండి. మొత్తం 60,000. పన్నులూ, రేవు రుసుములూ 12,000. అన్నీ కలిపి 72,000. పది శాతం చొప్పున ఏజెంటుకు వచ్చే కమీషన్ 6,000. మంచివాడైతే, అతనికి మీ బేరం కావాలనుకుంటే, అందులో ఓ మూడు వేలు మీకు తగ్గిస్తాడు. అప్పుడు మీకు 69,000 పడుతుంది. మరీ ఉదారుడైనా ఆరువేలకు మించి ఇస్తే చేతి నుంచి పెట్టుకోవాలి.

ఇప్పుడు 'యాభై శాతం డిస్కౌంటు, నా దగ్గర మాత్రమే!' అన్న బోర్డు చూడండి. ఆరువేల కమీషన్‌లోంచి ముప్ఫై వేలు ఎలా తగ్గుతాయి? తగ్గవు! అంత పెద్ద తగ్గింపు ఇవ్వగలిగింది కంపెనీ ఒక్కటే. కంపెనీ ఇచ్చిందంటే మామూలుగా దాని కౌంటరులో, వెబ్‌సైట్‌లో మీకూ కనిపిస్తుంది. లేదా ఆ ఏజెంటు ముందే టోకున గదులు తీసుకుని ఉండాలి. అప్పుడైనా కంపెనీ పేరుతో కాగితం చూపించగలడు. పెద్ద తగ్గింపు కంపెనీది, చిన్న తగ్గింపు ఏజెంటుది. ఈ రెంటిలో ఏదీ కానిది ఉందంటే అనుమానించాల్సిందే.

ఏజెంటు ఎప్పుడు మేలు?

ఏజెంట్లంతా మాయగాళ్ళని మా ఉద్దేశం కానే కాదు. నలుగురు మిత్రులు కాక, పదహారు మంది క్లాస్‌మేట్లు బయల్దేరారనుకోండి. అప్పుడు ఏజెంటు నిజంగా పనికొస్తాడు. గదులన్నీ పక్కపక్కన పడేలా చూస్తాడు. ఇలాంటి జట్లకు, సాధారణంగా పదహారు మంది కడితే ఒకరి ఛార్జీ మాఫీ చేసే ఆనవాయితీ పెద్ద కంపెనీల్లో ఉంది. ఆ ఒక్కరి ఛార్జీ ఎవరి ఖాతాలో పడుతోందో అడగండి. అడగనివాడికి అది దక్కదు!

మొదటిసారి ఓడ ఎక్కే అమ్మానాన్నల్ని పంపిస్తున్నా అంతే. విశాఖ నుంచి చెన్నైకి వెళ్ళే ఓడకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చాలు. శ్రీలంక లాంటి చోటికైతే పాస్‌పోర్టూ వీసా గొడవలుంటాయి. అవన్నీ చూసిపెట్టే మనిషి మన ఊళ్ళో ఉండటం తక్కువ సంగతి కాదు.

నేరుగా కొంటే వేరే సుఖం. బుకింగు మీ చేతిలో ఉంటుంది. తేదీ మార్చాలన్నా, గది మార్చాలన్నా మీరే ఫోను చేస్తారు. రద్దయితే డబ్బు మీ ఖాతాకే వస్తుంది. ఏజెంటు ద్వారా కొన్నప్పుడు చాలా కంపెనీలు 'మీ ఏజెంటుతో చెప్పించండి' అంటాయి. వాపసు డబ్బు కూడా అతని మీదుగానే వస్తుంది. అతను ఫోను ఎత్తకపోతే మీ గతి ఏమిటి?

ఆఖరి నిమిషంలో చవగ్గా దొరుకుతుందని కాచుకునేవారికి ఒక హెచ్చరిక. రేవు పక్కనున్నవాడికి అది లాభం. మనమేమో నల్గొండ, మిర్యాలగూడల మీదుగా వెళ్ళే రైలెక్కి విశాఖ చేరాలి. పాలమూరువాళ్ళు అంతకుముందు హైదరాబాదు చేరాలి. ఓడలో మిగిలిన రెండువేలు తత్కాల్ రైలు టికెట్లకు పోతే మిగిలిందేముంది? అంతకన్నా ముందే కొని, చివరి వాయిదా కట్టేలోపు ధర తగ్గిందేమో చూస్తూ ఉండండి. తగ్గితే కొత్త ధరకు మార్చమని అడగొచ్చు. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి: చెప్పిన రేటులో పన్నులు, రేవు రుసుములు, సిబ్బంది బక్షీసు కలిశాయా? ప్రకటనలో ఉండే ధర తరచు ఇద్దరు ఒక గదిలో ఉంటే ఒక్కొక్కరికి పడేది. ఒంటరిగా వెళ్ళేవాడికి దాదాపు రెండింతలు పడొచ్చు. విదేశీ ప్యాకేజీ అయితే 2020 అక్టోబరు నుంచి ఆదాయపు పన్ను కింద కొంత ముందే వసూలు చేస్తున్నారు. రిటర్నులో అది సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటికి చేతిలో డబ్బు ఉండాలి కదా!

రెండు: బుకింగు నంబరు కంపెనీదేనా? ఏజెంటు ఇచ్చిన రసీదు చాలదు. కంపెనీకి ఫోను చేసి ఆ నంబరు మీద మీ పేరు ఉందో లేదో కనుక్కోండి. అయిదు నిమిషాల పని.

మూడు: డబ్బు ఎవరి పేరున వెళుతోంది? సంస్థ ఖాతాకు కాక ఏ ఒక్క మనిషి సొంత నంబరుకో పంపమంటే ఆగండి.

నాలుగు: రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత కోత? కంపెనీ కోత కాక ఏజెంటు కోత వేరే ఉందా? కాగితం మీద రాయించుకోండి.

ఇంత చేసినా మోసం జరిగితే? 1915కి ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. ఓడ కంపెనీ బొంబాయిలో ఉన్నా, ఏజెంటు హైదరాబాదులో ఉన్నా నల్గొండవాడు నల్గొండలోనే కేసు పెట్టొచ్చు. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపయితే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. రసీదులు మాత్రం భద్రంగా ఉండాలి.

ఇక మా తీర్పు. సాగర్, సోమశిల లాంచీకి సంస్థ కౌంటరే మేలు. సముద్రపు ఓడకు ముందు కంపెనీ ధర చూసి, ఆ కాగితం చేతపట్టుకుని ఇద్దరు ఏజెంట్లను అడగండి. అంతకన్నా తగ్గించి, పై నాలుగు ప్రశ్నలకూ జంకకుండా జవాబిచ్చినవాడి దగ్గర కొనండి. జవాబు నమిలితే కంపెనీ దగ్గరే కొనండి. హౌస్‌ఫుల్ బోర్డు దగ్గర బ్లాకువాడితో గీసి గీసి బేరమాడే కుర్రాళ్ళకు ఇది మేం నేర్పాలా?