శత్రుదేశముల స్త్రీలు కూడిన సభ

మహాభారతమును చదువునప్పుడెల్ల గాంధారి మాకు రెండు తావుల కన్నులకు గట్టును. ఉద్యోగపర్వమున ఆమె నిండుకొలువునకు వచ్చి, సంధి చేసికొమ్మని కుమారునకు బుద్ధి గఱపినది. ఒక్కతె చెప్పిన మాట. దుర్యోధనుడు వినక లేచిపోయెను. మరల స్త్రీపర్వమున, ఇరుపక్షముల స్త్రీలు కురుక్షేత్రమున కూడిరి. అప్పటికి చెప్పవలసిన మాట లేదు, ఏడ్పు మాత్రమే మిగిలియున్నది. ఆ రెండవనాటి కూటమి మొదటినాడే యేల సమకూడలేదని మేము పలుమారు అనుకొనుచుందుము.

సోదరీమణులారా, యుద్ధము నడచుచుండగనే శత్రుదేశముల స్త్రీలు ఒకచోట కూడుట చరిత్రమున జరిగియున్నది. స్త్రీలకు ఓటు హక్కు కోరు నానాదేశ సంఘము 1915వ సంవత్సరమున బెర్లిను నగరమందు సభ జరుపవలసియుండెను. 1914 ఆగస్టులో మహాయుద్ధము రగులుకొనుటచే అది నిలిచిపోయెను. హాలెండు ఆ యుద్ధమున చేరలేదు. ఆ దేశపు వైద్యురాలు అలెట్టా జేకబ్సు, బెర్లినునకు మాఱుగ తమ దేశమునకు రండని కబురంపెను. సంఘము సంఘముగా వచ్చుట కియ్యకొనలేదు. అంతట ఫిబ్రవరి నెలలో ఇంగ్లండు, జర్మనీ, బెల్జియము, హాలెండు దేశముల స్త్రీలు కొందఱు ఆమ్‌స్టర్డాము నగరమున కలిసికొని, హేగు నగరమున సభ జరుపుటకు నిశ్చయించిరి.

ఆ కొలదిమంది చేసిన నియమములే మాకు ఈ కథయంతటిలో ముఖ్యములుగ తోచుచున్నవి. సభకు వచ్చువారు రెండు సంగతుల కొప్పుకొనవలెను. దేశముల తగవులు శాంతిమార్గముననే తీరవలెననుట యొకటి. స్త్రీలకు ఓటు హక్కు ఈయవలెననుట రెండవది. మిగిలిన విషయములలో ఎవరి మతము వారిదే. ఇక నిషేధము: ఈ యుద్ధమునకు కారకులెవరు, ఎవరు దాని నెట్లు నడుపుచున్నారు అను చర్చ సభలో రాగూడదు. రాబోవు యుద్ధములను ఏ కట్టుబాట్లతో నడుపవలెనను చర్చయు గూడదు. యుద్ధమే వలదనువారికి దాని మర్యాదలతో పనియేమి?

ఇంత చిన్న నియమమును కుదుర్చుకొనుట యెంత కష్టమో మే మెఱుగుదుము. కొన్నేండ్ల క్రిందట మా యూర రెండు మహిళా సమాజములు మంచినీటి కొఱకు కలిసి ఊరేగింపు జరుపబూనినవి. కరపత్రమున ఎవరి పేరు ముందు అచ్చువేయవలెనను తగవులో పదునైదు దినములు గడచినవి. కడకు రెండు ఊరేగింపులు జరిగినవి; రెంటను జనము పలుచనే. మేమును ఒక పక్షమున నిలిచి గట్టిగా వాదించినవారమే. ఇప్పుడు చెప్పుకొనుటకు సిగ్గుగ నున్నది.

హేగు సభ ఏప్రిలు 28వ తేదిని ఆరంభమయ్యెను. 12 దేశములనుండి 1,100కు మించిన ప్రతినిధులు వచ్చిరి. అందు పెక్కండ్రు హాలెండువారే. జర్మనీనుండి 28 మంది వచ్చిరి. ఇంగ్లండులో 180 మంది పయనమునకు సిద్ధపడిరి గాని, ప్రభుత్వము సముద్రమున నౌకల రాకపోకలను నిలిపివేయుటచే కదలలేకపోయిరి. ముందుగనే హాలెండు చేరిన ఇద్దఱును, అమెరికానుండి వచ్చిన యొకతెయు, ముగ్గురే ఆ దేశము పేర కూర్చుండిరి. అమెరికా స్త్రీల ఓడ సయితము ఇంగ్లండు తీరమున కొన్ని దినములు ఆపబడినది. ఆ ఓడలో వచ్చిన జేన్ ఆడమ్సు, చికాగో నగరమున పేదల నడుమ నివసించి సేవచేసిన సాధ్వి, సభకు అధ్యక్షత వహించెను.

మా యింటివారు బడిపటమును పఱచి హేగునకు దక్షిణముగ బెల్జియమందలి ఈప్రె అను ఊరును చూపిరి. అచ్చట ఏప్రిలు 22న జర్మనులు విషవాయువును వదలిరి. 26న, అనగా సభకు రెండు దినముల ముందు, మన దేశపు సైనికులను ఆ రంగమున దాడికి నడిపించిరి. ఆ సైనికుల తల్లుల నెవరు పిలిచిరి? ఆ 12 దేశములలో మన దేశము లేదు. ఈ కొఱతను మేము మఱవజాలము.

ఫ్రాన్సు స్త్రీసంఘములు రామనిరి. తమ నేల శత్రువు పాదముల క్రింద నుండగా శాంతి మాట యెట్లాడుదుమని వారి ప్రశ్న. దీనిని త్రోసివేయుట సులభము కాదు. దోషి పేరెత్తగూడదను నియమము దోచుకొన్నవానికే అనుకూలము కాదా యని మాకును తోచినది. కాని జర్మనుసేన ఆక్రమించిన బెల్జియమునుండి ఐదుగురు స్త్రీలు వచ్చి, ఆ జర్మను స్త్రీలున్న సభలోనే కూర్చుండిరి. వారిలో యూజెనీ హామెరు, న్యాయము లేని శాంతి తమకు వలదని పలికెను. రక్తపాతము నాపి సంధికి పూనుకొనుడని ప్రభుత్వములను కోరిన తీర్మానమునందు, ఆ శాంతి న్యాయముపై నిలువవలెనను మాటయు చేరియున్నది. ప్రజల సమ్మతి లేక ఏ నేలను చేతులు మార్పరాదని మరియొక తీర్మానము. పేరు చెప్పకయే దోషమును చెప్పుటకు వారు కనుగొన్న దారి యిది.

తీర్మానములు కాగితముపై నుండిన చాలదని హంగెరీ స్త్రీ రోసికా ష్విమ్మరు పట్టుపట్టెను. నవ్వులపాలగుదుమని కొందఱు జంకినను, రాయబారులను పంపుటకే సభ యొప్పుకొన్నది. ఆ వేసవిలో వారు రెండు జట్లుగ రాజధానుల కేగి మంత్రులను కలిసికొనిరి. ఆడవారు ఇట్లు తిరుగుట తమకు వెఱ్ఱిగా తోచుచుండునని జేన్ ఆడమ్సు ఆస్ట్రియా ప్రధానమంత్రితో ననగా, ఆయన బల్లను గ్రుద్ది, పది నెలలుగ ఆ గదిలో వినబడిన తెలివిగల మాట యిదియే యన్నాడట.

యుద్ధము ఆగలేదు. 1918 నవంబరు వఱకు నడచినది. స్వదేశమునకు మరలిన జేన్ ఆడమ్సును పత్రికలు తూలనాడినవి. రాయబారులలో నొకతెయగు ఎమిలీ బాల్చి కళాశాలలో ఆచార్యపదవిని పోగొట్టుకొన్నది. ఆడమ్సునకు 1931లోను, బాల్చికి 1946లోను నోబెలు శాంతిబహుమానము లభించినది.

1919 మే నెలలో, స్విట్జర్లండునందలి జూరికు నగరమున ఆ స్త్రీలు మరల కూడిరి. యుద్ధమున పాడువడిన ఆర్డెన్ సీమనుండి ఫ్రెంచి స్త్రీ జాన్ మెలిను ఆలస్యముగ వచ్చి చేరెను. జర్మనీ ప్రతినిధి లీడా గుస్టావా హైమను లేచి, ఆమెకు గులాబీ పూలిచ్చి కౌగిలించుకొన్నది.