వేసవిలో విద్యార్థుల తోటపని

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. ఆ దినములలో బడులు, కళాశాలలు మూతపడియుండును. పిల్లలు అమ్మమ్మగారి యిండ్లకు పోవుదురు. కాని మొక్కలకు సెలవులు లేవు. అందువలన ఉద్యానవిద్య నేర్చుచున్న మాకును పూర్తిగా సెలవులు లేవు. వంతులు వేసికొని మాలో కొందరము వేసవి యంతయు కళాశాల తోటలోనే యుందుము. అక్కడ మేము చేయు పనులేవి, వాని వెనుకనున్న కారణములేవి అను విషయమును శ్రోతలకు విన్నవింపదలచితిమి.

తెలుగు దేశమున ఉద్యానవిద్యకై ప్రత్యేక విశ్వవిద్యాలయములు ఏర్పడుట యిటీవలి మాట. 2007లో పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెములో ఒకటియు, 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట నేటి సిద్దిపేట జిల్లా ములుగులో మరియొకటియు వెలసినవి. పట్టమునకు నాలుగేండ్ల చదువు. అందులో సగము పుస్తకము నేర్పును, సగము మట్టి నేర్పును.

మొదట హరితగృహమును గూర్చి చెప్పెదము. చలిదేశములలో వెచ్చదనమును నిలుపుకొనుటకై దీనిని కనిపెట్టిరి. ఎండ అద్దము గుండ లోనికి వచ్చి నేలను, మొక్కలను వేడిచేయును. వేడెక్కిన గాలి వెలుపలికి పోలేక లోపలనే నిలిచిపోవును. మన దేశమున వేసవిలో చిక్కు సరిగా దీనికి విపరీతము. వెలుపల 42 డిగ్రీలున్న మధ్యాహ్నమున పాలీహౌసు మూసియుంచినచో లోపలి నారు గంటలలో వాడిపోవును. కాబట్టి తెల్లవారగనే ప్రక్క తెరలు చుట్టివేయుట మా మొదటి పని. వేడిగాలి పైకి లేచునది గనుక కప్పు మీది కిటికీలును తెరచియుంచుదుము. ఎండ ముదిరినచో పైన షేడ్‌నెట్ పరచుదుము. ఏబది పాళ్ల వల యనగా వెలుతురులో సగమును అడ్డగించునది. అంతకు మించి నీడ యిచ్చినచో నారు సన్నగా సాగి బలహీనమగును.

కొన్ని గృహములలో ఒక గోడకు తడిపిన అట్టల మెత్తను, ఎదుటి గోడకు పెద్ద పంకాలను అమర్చుదురు. గాలి తడిమెత్త గుండ వచ్చునపుడు నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును. ఇది మన ఎయిర్‌కూలరు సూత్రమే. గాలి ఎంత పొడిగానున్న అంత చల్లదనము కలుగును. అందుచేత అనంతపురము వంటి పొడి ప్రాంతములలో ఈ ఏర్పాటు చక్కగా పనిచేయును. ఉక్కపోయు సముద్రతీరమున దాని ఫలము తక్కువ.

నీరు పోయుటలో మేము తొలుత చేసిన తప్పొకటి కలదు. మధ్యాహ్నము మొక్కలు తలవాల్చినవని జాలిపడి రబ్బరు గొట్టముతో నీరు పట్టితిమి. ఎండలో పడియున్న గొట్టములోని నీరు చేయి కాలునంత వేడిగా నుండెను. లేత వేళ్లు దెబ్బతిని కొన్ని కుండీలు చచ్చినవి. నాటినుండి గొట్టములోని వేడినీటిని ముందు వేరొక చోట వదలి, చల్లనినీరు వచ్చిన పిమ్మటనే మొక్కకు పెట్టుచున్నాము. సూర్యోదయమునకు ముందు ఒకసారియు, ప్రొద్దు వాలిన పిమ్మట అవసరమును బట్టి మరియొకసారియు పోయుట మేలు.

ఎండ శత్రువు మాత్రమే కాదు, సేవకుడు కూడ. నారుమడిని దున్ని, బాగుగా తడిపి, దానిపై పారదర్శకమైన పాలిథీన్ పట్టా పరచి అంచులను మట్టితో కప్పుదుము. నాలుగు మొదలు ఆరు వారములు అట్లుంచినచో మట్టిలోని తెగుళ్ల బీజములు, కలుపు విత్తనములు చాలవరకు నశించును. నల్లపట్టా తగదు, అది తానే వేడెక్కును గాని ఎండను నేలకు చేరనీయదు. తడి లేకున్న వేడి లోతునకు దిగదు. మామిడి గోతులను గూడ వేసవిలోనే మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉండునట్లు త్రవ్వి ఎండనిత్తుము. పైమట్టిని వేరుగా పోసి, తొలకరికి ముందు పశువుల ఎరువుతో కలిపి పూడ్చుదుము.

ఇక అన్నిటికంటె బాధ్యతగల పని అంట్లది. మామిడి టెంక ఎండబెట్టి దాచుకొను విత్తనము కాదు. పండు తిన్న నాలుగు వారములలోపల నాటకున్న మొలకెత్తు శక్తి చాలవరకు పోవును. కనుక నాటు మామిడి టెంకలను వెంటనే నారు పోయుదుము. మొలక రాగిరంగు ఆకులతో నిలిచిన రెండు వారములలోపల, మృగశిర చల్లదనము రాగానే, మంచిరకపు పుల్లను దానిపై అంటుకట్టుదుము. ఆ పుల్ల ఏ చెట్టుదో కాయ వ్రేలాడుచుండగనే నిశ్చయింపవలెను. అందుకే వేసవిలో తోట తిరిగి, కాయను చూచి, తల్లిచెట్లకు గుర్తులు కట్టుదుము.

ఒక వేసవిలో వడగాలి వీచిన నాడు తొందరపడి అంటు సంచులను ఒక నీడ నుండి మరియొక నీడకు మార్చితిమి. చీటీలపై సిరా ఎండకు వెలిసిపోయియుండెను, కొన్ని ఊడిపోయెను. బంగినపల్లి అంట్లు, సువర్ణరేఖ అంట్లు కలిసిపోయినవి. లెక్కింపగా పేరు తెలియనివి 180. అవి పచ్చగా, ఆరోగ్యముగా నున్నవి. తీసికొనిపోవుటకు రైతులు సిద్ధముగా నున్నారు. “లేత యాకులను చూచి ఊహించి చీటీలు కట్టుదుమా?” అని మేమడిగితిమి. మా గురువుగారు, “ఊహను రైతుకు అమ్మరాదు” అని యూరకుండిరి. ఆ అంట్లన్నింటి తలలు కత్తిరించి, అదను వచ్చినపుడు గుర్తుగల చెట్ల పుల్లలతో మరల కట్టితిమి. రైతులు ఒక యేడు వేచియుండవలసి వచ్చెను. వారికి కోపము వచ్చుట న్యాయమే.

కాని యోచింపుడు. నీరు మరచిన తప్పు సాయంకాలమునకే తెలియును. చీటీ మారిన తప్పు నాలుగైదేండ్లకు కాయ కాచినపుడు గాని తెలియదు. అప్పటికి రైతు నేల, నీరు, కూలి, ఆయుష్షులో కొంత భాగము ఖర్చయిపోవును. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరును నిలుపు పని అంటు సంచికి కట్టు చిన్న చీటీతోనే మొదలగుచున్నది. నాటినుండి మేము సంచికొక చీటీ కట్టి, పుస్తకములో వరుస సంఖ్య వ్రాయుచున్నాము.

గృహస్థులకు రెండు మాటలు. మేడమీది కుండీలను పడమటి ఎండ తగులని చోటికి జరుపుడు. మట్టిపై ఎండుటాకులు గాని కొబ్బరి పీచు గాని పరచుడు. అంటు కొనునపుడు దాని తల్లిచెట్టు ఎక్కడిదని తప్పక అడుగుడు. చెప్పలేని వాని వద్ద కొనకుండుటయే మేలు.