బోర్డు రాయించుకునే ముందు

2007లో మా ఊరి తెలుగు సంఘం ఉగాది పండక్కి బేనరు చేయించే పని నా నెత్తిన పడింది. "కంప్యూటర్లలో పని చేసేవాడివి, నీకు తెలియనిదేముందోయ్" అన్నారు పెద్దలు. నేనూ అలాగే అనుకున్నాను. సంఘం వెబ్‌సైటులోంచి లోగో దింపి, వర్డ్‌లో రెండు లైన్లు తెలుగులో టైపు చేసి, దగ్గర్లో ఉన్న ఒక సైన్ షాపుకి ఈమెయిల్ కొట్టాను. షాపాయన ఫోను చేసి వరసగా ప్రశ్నలు వేశాడు. ఆర్ట్ వెక్టరేనా? ఫాంట్లు ఔట్‌లైన్ చేశావా? బ్లీడ్ ఉంచావా? వెక్టర్ అంటే నాకు సీ ప్లస్ ప్లస్‌లో వచ్చేదొక్కటే తెలుసు. తెలియదని చెప్పడానికి మొహమాటపడి అన్నిటికీ "యస్" అనేశాను.

పండగ రోజు పొద్దున్న బేనరు విప్పి చూస్తే ఏముంది! లోగో అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. అది పోనిద్దురూ. "స్వాగతం" కాస్తా "స్ వాగతం" అయింది. "శుభాకాంక్షలు"లో క్ష రెండు ముక్కలై, గుణింతపు గుర్తులు అక్షరాలకి అంటీ అంటనట్టు నిలబడ్డాయి. మార్చే వ్యవధి లేదు. మా తెలుగు బడి పిల్లలు దాని ముందే నిలబడి పద్యాలు చదివారు. అందులో ఒకడు, "అంకుల్, ఇలా కూడా రాయొచ్చా?" అని అడిగాడు. వాడికి వత్తులు నేర్పింది నేనే!

తర్వాత సిగ్గు విడిచి ఆ షాపుకే వెళ్ళి, ఆయన మాటలకి అర్థాలు అడిగి తెలుసుకున్నాను. మన ఊళ్ళలో ఫ్లెక్సీ అనేదాన్ని ఇక్కడ వినైల్ బేనరు అంటారు. మనం రేడియం స్టిక్కర్ కటింగు అనే పని ఇక్కడ కట్ వినైల్. పేర్లు మారినా ఇబ్బంది లేదు. మనకి తెలుసనుకున్న మాటలతోనే చిక్కంతా.

వెబ్‌సైటు నించి దింపిన బొమ్మ రాస్టర్, అంటే చుక్కల పట్టిక. నా లోగో వెడల్పు 800 పిక్సెళ్ళు. దాన్ని ఎనిమిది అడుగుల బేనరు మీద ఈ చివర నించి ఆ చివరి దాకా సాగదీస్తే ఒక్కొక్క పిక్సెలు సుమారు 3 మిల్లీమీటర్లవుతుంది. మెట్లు కనపడవూ మరి! వెక్టర్ అయితే గీతల్నీ వంపుల్నీ సమీకరణాలుగా దాచుకుంటుంది కనక ఎంత పెంచినా అంచు నున్నగానే ఉంటుంది. బ్లీడ్ అంటే రక్తం కారడం కాదు. కత్తి అటూ ఇటూ జరిగినా అంచున తెల్ల గీత పడకుండా రంగుని కోత గీత దాటించి కాస్త ఎక్కువ పరచడం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఔట్‌లైన్. అక్షరాలు ఫైల్లో "టెక్స్టు"గా ఉన్నంత కాలం అవతలి మెషీన్లో ఆ ఫాంటు ఉండాలి, దాన్ని సరిగా పేర్చే సాఫ్ట్‌వేరూ ఉండాలి. యూనికోడ్‌లో క్ష అనేది ఒక అక్షరం కాదు. క, పొల్లు, ష అని మూడు కోడ్ పాయింట్లు. ఈ మూడింటినీ చూసి క్ష ఆకారం గియ్యడం షేపింగ్ ఇంజన్ పని. నా విండోస్‌లో ఆ పని యూనిస్క్రైబ్ చేసిపెట్టింది కాబట్టి వర్డ్‌లో చక్కగా కనపడింది. షాపాయన దాన్ని తన డ్రాయింగ్ సాఫ్ట్‌వేరులోకి కాపీ చేసుకున్నాడు. దానికి షేపింగ్ రాదు. మూడు కోడ్ పాయింట్లనీ విడివిడిగా పరిచేసింది. ఆయనకి తెలుగు రాదు కదా, తప్పెలా కనపడుతుంది? ఔట్‌లైన్ చెయ్యడమంటే, మన భాషలో చెప్పాలంటే, స్టాటిక్ లింకింగ్. అక్షరాలన్నీ మన మెషీన్లోనే ఆకారాలుగా మారిపోతాయి. ఇక అవతల ఏ ఫాంటూ అక్కర్లేదు. కాకపోతే తర్వాత స్పెల్లింగ్ దిద్దడం కుదరదు కనక సోర్సు ఫైలు విడిగా దాచుకోవాలి. ఇప్పటి ఇలస్ట్రేటర్‌లో దక్షిణాసియా లిపులకి వేరే కంపోజర్ ఉంది కానీ, అవతలివాళ్ళు దాన్ని ఎంచుకుంటారన్న నమ్మకం ఏమిటి? నేను ఇప్పటికీ ఔట్‌లైన్ చేసే పంపుతాను.

ఈ చదువు కొన్నేళ్ళ తర్వాత మా మిత్రుడు మిఠాయిలూ పచ్చళ్ళూ అమ్మే కొట్టు పెట్టినప్పుడు అక్కరకొచ్చింది. ఛానెల్ లెటర్స్ కావాలన్నాడు. అంటే గోడ మీద ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క డబ్బాలాగా లేచి ఉండి, లోపలి నించి వెలిగేవి. ఇందులో ఫేస్ అంటే ముందుండే అక్రిలిక్ రేకు. రిటర్న్ అంటే ఫంక్షన్ నించి తిరిగొచ్చేది కాదు, ఆ డబ్బాకి పక్క గోడ. రేస్‌వే అంటే అక్షరాలన్నిటినీ బిగించి వైర్లు దాచే పొడుగాటి పెట్టె.

పేచీ ఎత్తు దగ్గర వచ్చింది. సైన్ వాళ్ళు "12 అంగుళాల అక్షరం" అంటే ఇంగ్లీషు పెద్దబడి అక్షరం ఎత్తు. అంగుళం ఎత్తుకి పదడుగుల దూరం నించి బాగా చదవొచ్చని వాళ్ళ మోటు లెక్క. మనకి పెద్దబడీ చిన్నబడీ ఎక్కడివి? మనది నిలువునా పెరిగే లిపి. శ్రీ తీసుకోండి, పైన గుడిదీర్ఘం, కింద క్రావడి. పై కొస నించి కింది కొస దాకా కొలిచి 12 అంగుళాలంటే అసలు అక్షరం బాగా కుంచించుకుపోతుంది; పార్కింగ్ లాట్ అవతలి నించి కనపడదు. అందుకని ర లాంటి వత్తు లేని అక్షరం ఎత్తుని కొలతగా పెట్టుకుని, పైకీ కిందికీ ఎంత చోటు పడుతుందో వేరే లెక్క కట్టి గీసి ఇచ్చాను. అలా చేస్తే షాపింగ్ సెంటర్ వాళ్ళు పెట్టిన ఎత్తు పరిమితి దాటిపోయింది! రెండు లైన్ల బోర్డుని ఒక లైనుకి కుదించాం.

ఇంకో తిరకాసు. విడిగా ఉండే ప్రతి వత్తూ వాళ్ళ లెక్కలో మరో అక్షరమే. దానికి వేరే డబ్బా, వేరే వైరు, వేరే ధర. పైగా సన్నటి తోకల్లో ఎల్‌ఈడీలు పట్టవు. చివరికి షాపులోని అమ్మాయే "క్లౌడ్ సైన్ చేయించుకోండి" అంది. మా వాడు సర్వర్లనుకుని బిత్తరపోయాడు. పదం మొత్తం చుట్టూ మబ్బు అంచులాగా ఒకే డబ్బా చేసి, ముందు రేకు మీద అక్షరాలు అతికించడం అది. మన గ్లో సైన్ బోర్డుకి దగ్గర చుట్టం. నాకైతే తెలుగుకి అదే నయమనిపించింది.

తయారీకి ముందు ప్రూఫ్ పంపారు. దాని మీద సంతకం పెట్టాక దొర్లిన తప్పు మన ఖాతాలోకే పోతుంది. నేను చూశాను, మా వాడు చూశాడు, బాగానే ఉందన్నాం. వాళ్ళమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివారు.

"పచళ్ళు ఏమిటిరా?"

చ కింద వత్తు లేదు. అడిగితే, విడిగా పడున్న ముక్క కనక పొరపాటున మిగిలిన చెత్త అనుకుని తుడిచేశామన్నారు. వత్తు పెట్టించి మళ్ళీ ప్రూఫ్ తెప్పించాం. ఈసారి ముందు ఆవిడ చదివారు, తర్వాతే మా వాడు సంతకం పెట్టాడు.