ఏడాదికో కొత్త టీమ్..! అమెరికా కాలేజ్ బాస్కెట్‌బాల్‌ను తలకిందులు చేస్తున్న ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’.. అసలేంటిది? లాభం ఎవరికి?

అమెరికాలో మార్చి వచ్చిందంటే చాలు.. కాలేజ్ బాస్కెట్‌బాల్ ఫీవర్ మొదలవుతుంది. 68 టీమ్‌లు, ఓడితే ఇంటికే. ‘మార్చ్ మ్యాడ్‌నెస్’గా పిలిచే ఈ టోర్నీని కోట్ల మంది చూస్తారు. 2025 ఏప్రిల్ 7న శాన్ ఆంటోనియోలో జరిగిన ఫైనల్‌లో ఫ్లోరిడా యూనివర్సిటీ 65-63తో హ్యూస్టన్‌ను ఓడించి టైటిల్ కొట్టింది.

ఇక్కడే ఓ విశేషం ఉంది. ఫ్లోరిడాను గెలిపించిన ముగ్గురు గార్డులూ వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. వాల్టర్ క్లేటన్ జూనియర్ ఐయోనా నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వచ్చారు. ఆ మూడూ చిన్న కాలేజీలే. కప్పు మాత్రం పెద్ద యూనివర్సిటీ ఖాతాలో పడింది. ఐదారేళ్లుగా అమెరికా కాలేజ్ బాస్కెట్‌బాల్ నడుస్తున్న తీరు ఇదే. దీని వెనకున్నది ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’.

అసలేంటీ పోర్టల్..?

మన దగ్గర కాలేజీ మారాలంటే టీసీ కావాలి కదా.. అమెరికాలో కాలేజీ ఆటగాళ్ల పరిస్థితి ఒకప్పుడు అంతకంటే కష్టంగా ఉండేది. వేరే కాలేజీ కోచ్‌తో మాట్లాడాలన్నా సొంత కాలేజీ ఓకే చెప్పాలి. బాస్కెట్‌బాల్ లాంటి పెద్ద ఆటల్లో అయితే, మారాక ఏడాది పాటు మ్యాచ్‌లు ఆడకుండా బెంచ్‌కే పరిమితం కావాలి. కోచ్‌లు మాత్రం ఎక్కువ జీతం ఇస్తామంటే మర్నాడే వేరే యూనివర్సిటీకి వెళ్లిపోవచ్చు. ఈ తేడా మీద ఏళ్ల తరబడి విమర్శలు వచ్చాయి.

దీంతో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 2018 అక్టోబర్‌లో ఓ ఆన్‌లైన్ డేటాబేస్ తెచ్చింది. అదే ట్రాన్స్‌ఫర్ పోర్టల్. ఆటగాడు ‘నేను మారతా’ అని రాసిస్తే, రెండు పనిదినాల్లో కాలేజీ అతని పేరు అందులో పెట్టాల్సిందే. పేరు పడగానే దేశంలోని ఏ కోచ్ అయినా అతనికి ఫోన్ చేయొచ్చు. కోచ్ పర్మిషన్ అనే మాటే లేకుండా పోయింది.

రూల్స్ ఒక్కొక్కటిగా ఎలా పోయాయంటే..

- 2021 ఏప్రిల్: ఒకసారి కాలేజీ మారితే, ఏడాది ఖాళీగా కూర్చోకుండా వెంటనే ఆడొచ్చని ఎన్‌సీఏఏ ఓకే చెప్పింది.
- 2021 జులై 1: ఆటగాళ్లు తమ పేరు, ఫొటో, గుర్తింపుతో డబ్బు సంపాదించుకోవచ్చు. దీన్నే ‘ఎన్ఐఎల్’ అంటారు. అంతకుముందు ఓ యాడ్‌లో కనిపించినా, ఆటోగ్రాఫ్ అమ్ముకున్నా వేటు పడేది.
- 2023 డిసెంబర్: రెండోసారి మారిన వాళ్లను ఆపడం చెల్లదంటూ ఏడు రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ జడ్జి ఆ రూల్‌కు బ్రేక్ వేశారు.
- 2024 ఏప్రిల్: చదువులో పాస్ అవుతూ ఉంటే చాలు, ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చని ఎన్‌సీఏఏ రూల్ మార్చింది.
- 2025 జులై 1: ‘హౌస్’ కేసు సెటిల్‌మెంట్‌తో యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇచ్చే వీలు దొరికింది. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి లిమిట్ సుమారు 2.05 కోట్ల డాలర్లు. మన లెక్కలో దాదాపు 175 కోట్ల రూపాయలు. ఇది అన్ని ఆటలకూ కలిపి.

ఒక్కో మార్పూ విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. అసలు ఎఫెక్ట్ ఇవన్నీ కలిశాకే కనిపించింది. ఎన్నిసార్లైనా మారే స్వేచ్ఛ, మారితే డబ్బు.. ఈ రెండూ ఒకేసారి చేతికొచ్చాయి. 2025లో పురుషుల డివిజన్-1 బాస్కెట్‌బాల్ నుంచే 2 వేల మందికి పైగా పోర్టల్‌లో పేరు ఇచ్చారు. డివిజన్-1లో ఉన్నవి దాదాపు 360 టీమ్‌లు. అంటే సగటున ఒక్కో టీమ్ నుంచి ఐదుగురికి పైనే బయటికి వచ్చారన్నమాట.

ఆటగాళ్లకు లాభమేనా..?

చాలామందికి లాభమే. డాల్టన్ క్నెక్ట్‌నే తీసుకోండి. జూనియర్ కాలేజీలో మొదలుపెట్టి, నార్తర్న్ కొలరాడోకు, అక్కడి నుంచి టెన్నెసీకి వెళ్లాడు. 2024లో తన కాన్ఫరెన్స్‌లో బెస్ట్ ప్లేయర్ అయ్యాడు. అదే ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో లేకర్స్ 17వ పిక్‌గా తీసుకుంది. 

అమ్మాయిల ఆటలోనూ అంతే. ఏంజెల్ రీస్ మేరీల్యాండ్ నుంచి ఎల్ఎస్‌యూకి మారిన మొదటి సీజన్‌లోనే, 2023లో, ఛాంపియన్ అయింది. హెయిలీ వాన్ లిత్ లూయీవిల్, ఎల్ఎస్‌యూ, టీసీయూ అంటూ మూడు కాలేజీలకు ఆడింది. 2025లో టీసీయూను చరిత్రలో తొలిసారి టాప్-8కి చేర్చింది.

కానీ రెండో వైపు కూడా చూడాలి. పోర్టల్‌లో పేరు పడితే, పాత కాలేజీ ఆ టర్మ్ అయ్యాక స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. కొత్త కాలేజీ పిలుస్తుందన్న గ్యారంటీ లేదు. పిలుపు రాని వాళ్లు చిన్న డివిజన్లకు దిగిపోవాలి, లేదంటే ఆటే మానేయాలి. పైగా కాలేజీ మారినప్పుడల్లా కొన్ని క్రెడిట్లు లెక్కలోకి రాకపోవచ్చు. అప్పుడు డిగ్రీ వెనక్కి పోతుంది. ఎన్‌బీఏకు వెళ్లేది కొద్దిమందే కాబట్టి, మిగతా వాళ్లకు చివరికి మిగిలేది ఆ డిగ్రీయే.

ఇంకో దెబ్బ హైస్కూల్ పిల్లలకు. కాలేజీల్లో మూడేళ్లు ఆడి రాటుదేలిన 22 ఏళ్ల ఆటగాడు రెడీగా దొరుకుతుంటే, 18 ఏళ్ల కుర్రాడికి ఓపిగ్గా నేర్పించే కోచ్‌లు తగ్గిపోతున్నారు.

పెంచింది ఒకరు.. పంట కోసుకునేది ఇంకొకరు

అసలు దెబ్బ తగిలింది చిన్న కాలేజీలకు. మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన జెర్సీ సిటీలో సెయింట్ పీటర్స్ అనే చిన్న యూనివర్సిటీ ఉంది. 2022 టోర్నీలో 15వ సీడ్‌గా దిగి, కెంటకీ లాంటి దిగ్గజాన్ని ఇంటికి పంపింది. 15వ సీడ్ టీమ్ టాప్-8కి చేరడం అదే మొదటిసారి. అమెరికా మొత్తం ఆ టీమ్ పేరే మోగింది. కొద్ది రోజులకే కోచ్ షహీన్ హాలోవే సీటన్ హాల్‌కు వెళ్లిపోయారు. కీలక ఆటగాళ్లు తలో కాలేజీకి చెదిరిపోయారు. చరిత్ర సృష్టించిన టీమ్ తర్వాతి సీజన్‌కు పేరుకే మిగిలింది.

ఫ్లోరిడా అట్లాంటిక్‌ది కూడా ఇదే కథ. 2023లో ఫైనల్ ఫోర్‌కు చేరింది. సెమీస్‌లో శాన్ డియాగో స్టేట్ చేతిలో ఆఖరి సెకన్‌లో పడిన బుట్టతో ఒక్క పాయింట్ తేడాతో ఓడింది. 2024లో కోచ్ డస్టీ మే మిషిగన్‌కు వెళ్లారు. వ్లాడిస్లావ్ గోల్డిన్ ఆయన వెంటే నడిచాడు. జానెల్ డేవిస్ ఆర్కన్సాకు, అలైజా మార్టిన్ ఫ్లోరిడాకు వెళ్లారు.

ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. యూరప్ ఫుట్‌బాల్‌లో కాంట్రాక్ట్ మధ్యలో ఆటగాడు మారితే పాత క్లబ్‌కు ట్రాన్స్‌ఫర్ ఫీజు ముడుతుంది. ఆ డబ్బుతో చిన్న క్లబ్‌లు బతుకుతాయి. ఐపీఎల్‌లో వేలానికి ముందు రిటెన్షన్ ఉంటుంది.. కావాల్సిన ఆటగాళ్లను కొంతమందినైనా అట్టిపెట్టుకోవచ్చు. కాలేజ్ బాస్కెట్‌బాల్‌లో ఇలాంటి ఏర్పాటేదీ లేదు. మూడేళ్లు నేర్పించి, తిండి పెట్టి, ఆటగాడిగా నిలబెట్టిన చిన్న కాలేజీకి చాలాసార్లు పైసా కూడా రాదు.

రిజల్ట్ 2025 టోర్నీలో కనిపించింది. టాప్-16లో నిలిచిన టీమ్‌లన్నీ నాలుగే నాలుగు పెద్ద కాన్ఫరెన్స్‌లవి. ఫైనల్ ఫోర్‌లో నాలుగూ నంబర్ వన్ సీడ్‌లే. 2008 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. చిన్నవాడు పెద్దవాడిని పడగొట్టే సీన్ కోసమే ఈ టోర్నీని చూసే జనానికి ఇది మింగుడుపడని విషయం.

కోచ్‌లకు కొత్త ఉద్యోగం.. ఫ్యాన్స్‌కు కొత్త తలనొప్పి

2024లో కెంటకీ కోచ్‌గా వచ్చిన మార్క్ పోప్‌కు, అంతకుముందు సీజన్ ఆడిన స్కాలర్‌షిప్ ఆటగాడు ఒక్కడు కూడా మిగల్లేదు. టీమ్ మొత్తం కొత్తగా కట్టాడు. అయినా టాప్-16కి చేర్చాడు. అంటే తెలివిగా వాడుకుంటే పోర్టల్ ఒక్క ఏడాదిలో టీమ్‌ను నిలబెట్టగలదు కూడా. అందరూ మాత్రం ఇలా ఇమడలేకపోతున్నారు. 2019లో వర్జీనియాను ఛాంపియన్ చేసిన టోనీ బెనెట్, 2024 అక్టోబర్‌లో సీజన్ మొదలయ్యే ముందే తప్పుకున్నారు. ఈ కొత్త వాతావరణానికి తాను సరిపోనని ఓపెన్‌గానే చెప్పారు.

ఫ్యాన్స్ సంగతి వేరే. ఒక కుర్రాడు ఫస్ట్ ఇయర్‌లో తడబడటం, సెకండ్ ఇయర్‌లో నిలదొక్కుకోవడం, ఆఖరి ఏడాది హోమ్ గ్రౌండ్‌లో కన్నీళ్లతో వీడ్కోలు తీసుకోవడం.. కాలేజీ ఆటలో మజా ఇదే. పర్డ్యూ యూనివర్సిటీనే చూడండి. 2023లో 16వ సీడ్ చేతిలో ఓడి పరువు పోగొట్టుకుంది. 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ వేరే దారి చూసుకోకుండా మళ్లీ అక్కడే ఆడాడు. 2024లో టీమ్‌ను ఫైనల్‌కు తీసుకెళ్లాడు. ఫైనల్ ఓడిపోయినా, ఆ నాలుగేళ్ల ప్రయాణం పర్డ్యూ ఫ్యాన్స్‌కు సొంత ఇంటి కథలా అనిపించింది. అలాంటి కథలు ఇప్పుడు అరుదైపోతున్నాయి.

ఈడీ విషయంలో మనవాళ్లకు తెలిసిన చిక్కు ఒకటుంది. అతను కెనడా కుర్రాడు. అక్కడ చదివే మన పిల్లల్లాగే విదేశీ ఆటగాళ్లు చాలామంది ఎఫ్-1 వీసా మీదే ఉంటారు. ఆ వీసా మీద పని చేసి సంపాదించడానికి గట్టి షరతులున్నాయి. అందుకే పక్కన ఆడే అమెరికా కుర్రాడికి దొరికే యాడ్ డీల్స్ వీళ్లకు అంత ఈజీగా దొరకవు.

మరి దీనికి మందేంటి..?

‘రూల్ పెట్టేస్తే సరిపోతుంది కదా’ అనిపించొచ్చు. సమస్యంతా అక్కడే. ఎన్‌బీఏలో ఆటగాళ్లకు యూనియన్ ఉంది. కాంట్రాక్టులు, బదిలీలు, జీతాల లిమిట్ అన్నీ యూనియన్‌తో కూర్చుని ఒప్పుకున్నవే. అందుకే కోర్టులో నిలుస్తాయి. కాలేజీ ఆటగాళ్లకు ఉద్యోగుల హోదా లేదు, యూనియన్ లేదు. ఎన్‌సీఏఏ ఒంటరిగా ఏ ఆంక్ష పెట్టినా, పోటీని అడ్డుకుంటున్నారంటూ యాంటీట్రస్ట్ చట్టం కింద కేసు పడుతుంది. ఈ కేసుల నుంచి రక్షణ ఇవ్వాలని ఎన్‌సీఏఏ అమెరికా కాంగ్రెస్‌ను అడుగుతోంది. ఈలోగా కొన్ని యూనివర్సిటీలు, మధ్యలో వెళ్లిపోతే డబ్బు కట్టాలనే క్లాజ్‌లు ఆటగాళ్ల ఒప్పందాల్లో పెడుతున్నాయి.

ఆటగాళ్ల స్వేచ్ఛను మళ్లీ లాక్కోవాలని అడిగేవాళ్లు తక్కువే. కోచ్‌కు ఉన్న హక్కు ఆటగాడికీ ఉండాల్సిందే. తేలాల్సింది ఆ స్వేచ్ఛకు బిల్లు ఎవరు కట్టాలన్నదే. ప్రస్తుతానికి ఆ బిల్లు సెయింట్ పీటర్స్ లాంటి చిన్న కాలేజీలు, పోర్టల్‌లో పేరు ఇచ్చి పిలుపు కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లు కడుతున్నారు. ఆటగాడిని తీసుకెళ్లే పెద్ద యూనివర్సిటీ, అతన్ని పెంచిన కాలేజీకి కొంతైనా ఇచ్చే పద్ధతి వస్తే ఈ లెక్క మారుతుంది. అప్పటిదాకా చిన్న కాలేజీ ఎంత బాగా ఆడితే, అంత త్వరగా ఖాళీ అయ్యే పరిస్థితే ఉంటుంది.