ఫాల్స్ పాజిటివ్, ఫాల్స్ నెగెటివ్

లేని జబ్బును ఉందని పరీక్ష చెబితే ఫాల్స్ పాజిటివ్. ఉన్నదాన్ని లేదంటే ఫాల్స్ నెగెటివ్. గణాంకశాస్త్రంలో వీటిని మొదటి రకం, రెండో రకం దోషాలంటారు. గణాంకవేత్తలు నేమన్, పియర్సన్‌లు చేసిన విభజన ఇది. పరిశోధకులు మొదటిదానికి సాధారణంగా 5 శాతం హద్దు పెట్టుకుంటారు. నమూనాలు పెంచకుండా ఆ హద్దును బిగిస్తే రెండోది పెరుగుతుంది.

కొవిడ్ ర్యాపిడ్ యాంటిజెన్ కిట్‌నే తీసుకోండి. 2020 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పిన లెక్క ప్రకారం అది వైరస్ లేనివారిని 99.3 నుంచి 100 శాతం దాకా సరిగ్గా తేల్చింది. ఉన్నవారిని పట్టింది మాత్రం 50.6 నుంచి 84 శాతమే. అందుకే పాజిటివ్ వస్తే ఖాయమన్నారు. అనుమానితులకు నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయాల్సిందేనన్నారు. ఆ రెండో పరీక్షను వదిలేసి ఇంట్లో పెద్దవాళ్ల మధ్య తిరగడమే అన్నిటికన్నా ప్రమాదకరం.